ఇంట్లో ఫోన్ ఉంది, ఎవరి చేతిలో ఉంది?

2025 జనవరి నుంచి మార్చి వరకు కేంద్ర గణాంక శాఖ దేశమంతటా ఒక టెలికాం సర్వే జరిపింది. నూటికి 86.3 ఇళ్లలో ఇంటర్నెట్ ఉందని, 85.5 ఇళ్లలో కనీసం ఒక స్మార్ట్‌ఫోనైనా ఉందని అందులో తేలింది. 2017-18లో చదువుల మీద జరిపిన 75వ విడత జాతీయ నమూనా సర్వే చూస్తే ఇంటర్నెట్ ఉన్న ఇళ్లు నూటికి 24 లోపే. పట్నాల్లో 42, పల్లెల్లో 15. కంప్యూటర్ ఉన్న పల్లె ఇళ్లు నూటికి నాలుగైదు మాత్రమే. ఏడేళ్లలో ఇంత మార్పు మన దేశంలో మరే సౌకర్యం విషయంలోనూ రాలేదనిపిస్తుంది. ఇళ్లకు కరెంటు చేరడానికి ఎన్ని దశాబ్దాలు పట్టిందో పెద్దవాళ్లను అడిగితే చెబుతారు.

ఈ అంకెలు చూసినవాళ్లలో చాలామంది డిజిటల్ అంతరం అన్న మాటకు కాలం చెల్లిందంటున్నారు. అలా అనలేకపోవడానికి నాకు రెండు కారణాలున్నాయి. ఆ అంకెలు లెక్కపెట్టింది ఇళ్లను. ఫోన్ వాడేది మనుషులు. ఇంట్లో ఐదుగురుండి ఫోన్ ఒక్కటే ఉంటే, అది పొద్దున్నే తండ్రితోపాటు పనికి వెళ్లిపోతే, ఆ ఇల్లు లెక్కలో ‘ఉన్న’ ఇల్లే. రెండో కారణం ఇంకా పెద్దది. ఫోన్ లేనివాళ్లు కోల్పోయేది పదిహేనేళ్ల కిందట ఒకటి, ఇప్పుడు మరొకటి. అప్పుడు స్మార్ట్‌ఫోన్ లేని కూలీకి దక్కనిది ఆ ఫోన్ ఒక్కటే. ఇప్పుడు దాంతోపాటు పనికి హాజరు, కాలేజీ సీటు, బ్యాంకులో పడిన డబ్బు కూడా చేజారే ప్రమాదం ఉంది. ఫోన్లు పెరిగినంత వేగంగా ఫోన్ అవసరమూ పెరిగింది. కొన్నిచోట్ల దాన్ని దాటిపోయింది. ఈ రెంటి మధ్య మిగిలిపోయిన దూరమే ఈనాటి అంతరమని నా అభిప్రాయం. ముప్పై ఏళ్ల చర్చనూ ప్రయత్నాలనూ ఆ దృష్టితోనే చూడదలచుకున్నాను.

ఈ చర్చ మొదట పుట్టింది అమెరికాలో. 1995లో అక్కడి వాణిజ్య శాఖ పల్లెల్లో, పేదల ఇళ్లలో ఎవరికి ఫోన్, కంప్యూటర్, మోడెం ఉన్నాయో లెక్కగట్టి ఒక నివేదిక వేసింది. అప్పటికి అడిగిన ప్రశ్న సులువైనదే: ఉందా, లేదా? 2002 నాటికి ఎస్తర్ హార్గిట్టై అనే పరిశోధకురాలు ఇంటర్నెట్ ఉన్నవాళ్లనే తెర ముందు కూర్చోబెట్టి, ఫలానా సమాచారం వెతకమని చెప్పి, ఎవరికి ఎంతసేపు పడుతుందో చూశారు. అందరి ముందూ ఒకటే వల ఉంది, వెతికే నేర్పు మాత్రం ఒక్కొక్కరిది ఒక్కో తీరు. దీన్ని రెండో అంచె అంతరం అన్నారు. 2005లో యాన్ వాన్ డైక్ అనే డచ్ ఆచార్యుడు దాన్ని మెట్లుగా పేర్చారు: ముందు కావాలనిపించాలి, తర్వాత పరికరం చేతికి రావాలి, తర్వాత నేర్పు రావాలి, ఆపైన తన బతుక్కి పనికొచ్చేలా వాడుకోగలగాలి. ఈ మెట్లు మనకూ పనికొస్తాయి. కానీ వాటిలో ఒకటి లేదు. ఎక్కకపోతే ఏమవుతుందన్నది ఆ లెక్కలో కనిపించదు. అక్కడివాళ్లకు అప్పట్లో అది అంతగా తట్టే ప్రశ్న కాకపోవచ్చు.

మన దేశంలో ప్రయత్నాలు వేరే దారిన మొదలయ్యాయి. మనిషికో కంప్యూటర్ అన్నది ఊహకే అందని రోజుల్లో ఊరికో కంప్యూటర్ గురించి ఆలోచించారు. 1998లో మహారాష్ట్రలోని వారణా ప్రాంతంలో చెరకు సహకార సంఘాల పల్లెలను కంప్యూటర్లతో కలపబోయారు. 2000 జనవరిలో మధ్యప్రదేశ్‌లోని ధార్ జిల్లాలో ‘జ్ఞానదూత్’ పేరిట సమాచార కేంద్రాలు తెరిచారు. మార్కెట్ ధరలు, కుల ధ్రువీకరణ పత్రాలు, అర్జీలు అన్నీ ఒకచోటే అన్నారు. కరెంటు కోతలు, సరిగా అందని టెలిఫోన్ లైన్లు కలిసి వాటి ఊపిరి తీశాయి.

ఆనాటి ప్రయత్నాల్లో నాకు పదే పదే గుర్తొచ్చేది పుదుచ్చేరి దగ్గరి వీరాంపట్టినం అనే మత్స్యకారుల ఊరు. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ 1998 నుంచి ఆ చుట్టుపక్కల పల్లెల్లో విజ్ఞాన కేంద్రాలు నడిపింది. అక్కడ అమెరికా నౌకాదళం వెబ్‌సైట్ నుంచి ఆ రోజు సముద్రంలో అలలు ఎంత ఎత్తు లేస్తాయో దించుకుని, మైకులో తమిళంలో ఊరంతటికీ చెప్పేవారు. ఆ ఊళ్లో కంప్యూటర్ కొన్నవాళ్లు, ఇంగ్లీషు వచ్చినవాళ్లు ఎందరున్నారన్న ప్రశ్నే రాలేదు. వేటకు వెళ్లే ప్రతి మనిషికీ కావలసిన ముక్క చెవిన పడింది. తర్వాతి పాతికేళ్లలో మనం మరచిపోయింది ఆ మైకునే.

హైదరాబాదులో 1999 చివర ‘ట్విన్స్’ పేరుతో ప్రయోగంగా మొదలై 2001లో ‘ఈసేవ’గా స్థిరపడిన కేంద్రాలదీ ఒక రకంగా అదే పద్ధతి. కరెంటు బిల్లుకో వరుస, నీటి బిల్లుకో వరుస కట్టి రోజంతా పోగొట్టుకున్న జనం ఒక్క కిటికీ దగ్గర పని ముగించుకోగలిగారు. కంప్యూటర్ ముందు కూర్చున్నది కేంద్రంలోని మనిషి. జనం చేయాల్సింది కాగితం, డబ్బు ఇచ్చి రసీదు పుచ్చుకోవడమే. 2011లో వచ్చిన మీసేవ ఆ కిటికీని మండలాలకు తీసుకెళ్లింది. సాంకేతికత తెలియడం పౌరుడి బాధ్యత అని ఆనాడు ఎవరూ అనలేదు. అది ఆఫీసు బాధ్యతగానే ఉంది. ఆ బాధ్యత మెల్లగా చేతులు మారి జనం నెత్తిన పడింది. ఆ మార్పు ఎక్కడ మొదలైందని వెతికితే 2016 దగ్గర ఆగాలి.

ఆ ఏడాది ఫిబ్రవరి 8న టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఒక మంచి పని చేసింది. కొన్ని వెబ్‌సైట్లు ఉచితం, మిగిలినవాటికి డబ్బు అనే పద్ధతిని నిషేధించింది. ఫేస్‌బుక్ ‘ఫ్రీ బేసిక్స్’ దాంతో ఆగిపోయింది. పేదలకు అరకొర ఇంటర్నెట్, ఉన్నవాళ్లకు పూర్తి ఇంటర్నెట్ అనే రెండు వరుసలు చట్టబద్ధం కాకుండా అడ్డుకున్న నిర్ణయమది. సెప్టెంబరు 5న జియో వచ్చింది. అంతకు ముందు నెలకు ఒక జీబీకి రెండొందల పైచిలుకు రూపాయలు పెట్టినవాళ్లకు రోజుకో జీబీ దొరకడం మొదలైంది. నవంబరు 8న పెద్ద నోట్ల రద్దు జరిగింది. అదే ఏడాది యూపీఐ వచ్చింది. పన్నెండు నెలల్లో డేటా చౌకైంది, చేతిలో నగదు కరవైంది, చెల్లింపు ఫోన్‌లోకి వచ్చింది. కిళ్లీకొట్టు దగ్గర కూడా క్యూఆర్ కోడ్ వేలాడే రోజులు అక్కడే మొదలయ్యాయి.

చౌక డేటా గురించి చెప్పేటప్పుడు రీచార్జి సంగతి విడిగా చెప్పాలి. డేటా జీబీ లెక్కన చౌకే. పేదవాడు మాత్రం జీబీ లెక్కన కొనడు, నెల లెక్కన కొంటాడు. 28 రోజులకోసారి కట్టాల్సిన కనీస మొత్తం పెరుగుతూ వచ్చింది. 2024 జూలైలో పెద్ద కంపెనీలు మూడూ ఒకేసారి ధరలు పెంచాయి. ఇంటర్నెట్ అక్కర్లేని ముసలివాళ్లూ డేటాతో కలిపిన ప్యాకేజీ కొనాల్సి రావడం చూసి, అదే ఏడాది డిసెంబరులో ట్రాయ్ మాటలకూ మెసేజీలకూ మాత్రమే పనికొచ్చే ప్యాకేజీ విడిగా పెట్టాలని ఆదేశించింది. ఇంత చిన్న విషయం ఎందుకంటే, రీచార్జి అయిపోయి సిమ్ము మూగబోతే ఇప్పుడు ఆగేది మాటలొక్కటే కాదు. ఓటీపీ ఆగుతుంది. ఓటీపీ ఆగితే బ్యాంకు, ఆధార్, పథకం అన్నీ వరుసగా ఆగుతాయి. నెలకు రెండొందల రూపాయలు కట్టలేని మనిషి ప్రభుత్వానికి కనిపించకుండా పోతాడు.

ఇక ఇంటి లోపలికి వెళ్దాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మొదటిసారి ఇంటర్నెట్ గురించి ఆడవాళ్లనూ మగవాళ్లనూ విడివిడిగా అడిగారు. జీవితంలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడామన్న ఆడవాళ్లు దేశంలో నూటికి 33, మగవాళ్లు 57. తెలంగాణలో ఆడవాళ్లు 26.5, మగవాళ్లు 57.4. ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్లు 21, మగవాళ్లు 48.8. ఊరూరా ఇంజినీరింగ్ కాలేజీలు పెట్టిన రాష్ట్రంలో, ప్రపంచానికి సాఫ్ట్‌వేర్ ఉద్యోగులను పంపుతున్నామని గర్వంగా చెప్పుకునే రాష్ట్రంలో, ఐదుగురు ఆడవాళ్లలో నలుగురు అప్పటికి ఒక్కసారైనా ఇంటర్నెట్ ముట్టుకోలేదు. బిహార్‌లో ఆ అంకె 20.6. మనకూ బిహార్‌కూ తేడా అరశాతం కూడా లేదు. ఈ సంగతి మన అసెంబ్లీల్లో, పత్రికల్లో ఎంత పెద్ద చర్చ కావాలో అంత కాలేదు. నాకు ఆ బాధ ఉంది.

తర్వాత పరిస్థితి మారింది, నిజమే. చదువుల మీద సర్వేలు చేసే అసర్ సంస్థ 2023లో పల్లెల్లోని 14-18 ఏళ్ల పిల్లలను అడిగితే పదింట తొమ్మిది ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉంది, వాడటమూ వచ్చు. అయితే వాడటం వచ్చినవాళ్లలో సొంత ఫోన్ ఉన్న మగపిల్లలు నూటికి 43.7, ఆడపిల్లలు 19.8. గడప దాటి లోపలికి వెళ్లాక అంతరం రెండింతలుగా నిలబడే ఉంది. 2016లో గుజరాత్‌లోని మెహ్సానా జిల్లాలో ఒక ఊరి పెద్దలు పెళ్లికాని ఆడపిల్లలు ఫోన్ వాడకూడదని తీర్మానించారు. మన ఊళ్లలో అలాంటి తీర్మానాలు అక్కర్లేదు. ‘ఎవరితో మాట్లాడుతున్నావ్’ అన్న ఒక్క ప్రశ్న చాలు. అన్న ఫోన్ తీసుకుని పాఠం విన్న పిల్ల, పాఠం అయిన వెంటనే తిరిగి ఇచ్చేయాలి. వెతుక్కోవడం, తప్పు చేయడం, మళ్లీ ప్రయత్నించడం అన్నవి సొంత ఫోన్ ఉన్నవాళ్లకే సాగుతాయి. నేర్పు పుట్టేది ఆ తీరిక వేళల్లోనే కదా.

నేర్చుకోలేరని ఆడవాళ్ల గురించి తేలిగ్గా అనేవాళ్లు కరీంనగర్, నిజామాబాద్ పల్లెల్లోని గల్ఫ్ కార్మికుల ఇళ్లకు వెళ్లి చూడాలి. అక్షరం రాని తల్లులు, భార్యలు దుబాయిలోనో సౌదీలోనో ఉన్న మనిషి ముఖం చూడటానికి ఐమో వీడియో కాల్ నేర్చుకున్నారు. ఎవరూ శిక్షణ ఇవ్వలేదు. పక్కింటి పిల్ల ఒకసారి చూపిస్తే రెండోసారికి వచ్చేసింది. వాన్ డైక్ చెప్పిన మొదటి మెట్టు, కావాలనిపించడం, అక్కడ నిండుగా ఉంది.

నేర్పించే పనిని ప్రభుత్వం అసలు చేయలేదనలేం. 2017 ఫిబ్రవరిలో మంజూరైన పీఎంజీదిశ పథకం ఆరు కోట్ల పల్లె ఇళ్లలో డిజిటల్ అక్షరాస్యత తేవాలనుకుంది. 2024 మార్చిలో ముగిసేనాటికి 6.39 కోట్ల మందికి శిక్షణ ఇచ్చామని, 4.77 కోట్ల మందికి సర్టిఫికెట్లు ఇచ్చామని లెక్క చూపింది. ఆ పథకం నియమం ఏమిటో తెలుసా? ఇంటికి ఒక్కరు. శిక్షణ ఇరవై గంటలు. మళ్లీ అదే ఇల్లు, అదే లెక్క. ఇంటికి ఒక్కరన్నప్పుడు ఎవరు వెళ్తారో ఎవరైనా ఊహించగలరు. కేరళ దానికి భిన్నంగా మనిషి మనిషినీ లెక్కపెట్టుకుని, ముసలివాళ్ల ఇళ్లకు కూడా వలంటీర్లను పంపి, 2025 ఆగస్టులో పూర్తి డిజిటల్ అక్షరాస్యత సాధించిన రాష్ట్రంగా ప్రకటించుకుంది. ఆ ప్రకటనలో ఎంత పాలు నిజమో కాలం తేలుస్తుంది గానీ, లెక్కకు మనిషిని తీసుకోవడం మాత్రం సరైన పద్ధతి.

కరోనా కాలం గురించి ఇప్పటికే చాలా రాశారు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. 2020 సెప్టెంబరు 1న తెలంగాణలో బడి పాఠాలు దూరదర్శన్ యాదగిరి, టీశాట్ చానళ్లలో మొదలయ్యాయి. టీవీని ఎంచుకోవడం తెలివైన పని. అప్పటికి టీవీ స్మార్ట్‌ఫోన్ కన్నా ఎక్కువ ఇళ్లలో ఉండేది, ఒకేసారి నలుగురు చూడొచ్చు. పాఠం అర్థం కానివాళ్లు తిరిగి అడిగే దారి మాత్రం లేదు. అసర్ లెక్కల్లో బడి పిల్లలున్న ఇళ్లలో స్మార్ట్‌ఫోన్లు 2018లో నూటికి 36.5 ఉంటే 2020లో 61.8కి, 2021లో 67.6కి ఎక్కాయి. ఈ పెరుగుదలను ప్రగతి అనే ముందు ఆలోచించాలి. పనులు లేని ఏడాదిలో అప్పు చేసో, మేకను అమ్మో కొన్న ఫోన్లు వాటిలో ఎన్నో ఉన్నాయి. 2021లో 18 నుంచి 44 ఏళ్ల వాళ్లు టీకా కోసం కోవిన్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోవాల్సిందే అన్నప్పుడు సుప్రీంకోర్టు మే 31 నాటి ఉత్తర్వులో కేంద్రాన్ని నిలదీసింది. డిజిటల్ అంతరం ఉన్న దేశంలో పోర్టల్ మీదే టీకా ఆధారపడితే అణగారినవాళ్ల గతేమిటని అడిగింది. నిబంధన ఆ తర్వాత సడలింది.

టీకా విషయంలో కోర్టు అడిగిన ఆ ప్రశ్నను మిగతా చోట్ల గట్టిగా అడిగినవాళ్లు తక్కువ. 2023 జనవరి 1 నుంచి ఉపాధి హామీ పనిచోట్లలో యాప్ ద్వారానే హాజరు అన్నారు. కూలీల పని చూసుకునే మేటు రోజుకు రెండుసార్లు, ఉన్న చోటు నమోదయ్యేలా కూలీల ఫొటో తీయాలి. ఆ ఫోన్ మేటుదే, డేటా మేటుదే. ఫొటో ఎక్కకపోతే పోయేది మాత్రం కూలీల వేతనం. మరుసటి ఏడాది మొదటి రోజు నుంచి ఆధార్ ఆధారిత చెల్లింపు తప్పనిసరైంది. అంగన్‌వాడీల్లో గర్భిణులకు ఇంటికిచ్చే పోషకాహారానికి 2025 జూలై 1 నుంచి ముఖం గుర్తింపు కావాలన్నారు. మొహం పట్టని పాత ఫోన్‌తో, సిగ్నల్ రాని గదిలో, ఎదురుగా ఏడుస్తున్న పసిపిల్లతో అంగన్‌వాడీ టీచర్ ఎంత తంటాలు పడుతుందో పైఅధికారులు ఒక్క పూట కూర్చుని చూస్తే బాగుండేది. యాప్‌ల బరువు తగ్గించమని ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తలు ఎన్నేళ్లుగానో మొరపెట్టుకుంటున్నారు.

అల్లూరి జిల్లా కొండల్లో రేషన్ డీలరు సిగ్నల్ దొరికే గుట్ట మీదికి వేలిముద్రల మిషను మోసుకెళ్లడం, జనం వెనకే ఎక్కడం పత్రికల్లో ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. టవరు అందని 24,680 గ్రామాలకు 4జీ ఇస్తామని 2022 జూలైలో కేంద్రం 26,316 కోట్లు మంజూరు చేసింది. టవర్లు వస్తున్నాయి కూడా. కానీ క్రమం తిరగబడింది. సిగ్నల్ వచ్చాక మిషను రావాలి. మిషను ముందొచ్చింది.

పాలమూరు వైపు ఒక మండల కేంద్రంలో, నెట్ సెంటర్ బెంచీ మీద కూర్చుని నా పని కోసం ఎదురుచూస్తూ ఒకసారి విన్న మాటలివి. డెబ్బై దాటిన రైతు ఒకాయన ఏదో పథకానికి ఈకేవైసీ కోసం వచ్చాడు. బొటనవేలు పెట్టాడు, చూపుడువేలు పెట్టాడు, తడిగుడ్డతో తుడిచి మళ్లీ పెట్టాడు. పడలేదు. మట్టిలో పనిచేసిన చేతుల గీతలు ఎప్పుడో అరిగిపోయాయి.

“తాతా, వేలు పడ్తలేదు. ఫోనుకు ఓటీపీ పంపిన, నంబరొచ్చిందా సూడు.”

“ఆ నంబరు మా చిన్నోనిది బిడ్డా. ఆడు హైదరాబాదుల ఉన్నడు.”

“మరి ఫోన్ చెయ్యి. పది నిమిషాలల్ల చెప్పాలె, లేకుంటే మళ్ల పంపాలె.”

సెంటర్ కుర్రాడి ఫోన్ నుంచే చేశారు. కొడుకు ఎత్తలేదు. డ్యూటీలో ఉండి ఉంటాడు. మూడుసార్లు చేసి, “రేపు రా తాతా” అన్నాడు కుర్రాడు. అతను దురుసుగా అనలేదు. అతని చేతిలో అంతకన్నా ఏమీ లేదు. సర్వేవాళ్లు వస్తే ఈ తాత ఇంట్లో ఫోన్ ఉందనే రాసుకుంటారు. ఆధార్‌కు నంబరు కూడా ముడిపడి ఉంది. అన్ని లెక్కల ప్రకారమూ ఆయన ‘ఉన్న’వాళ్ల పక్కనే ఉన్నాడు. ఆరోజు ఆయనకు బస్సు చార్జీ పోయింది, ఒక పూట పోయింది, పని కాలేదు.

నెట్ సెంటర్లు మన డిజిటల్ భారతానికి అసలైన వాకిళ్లు. వాటిమీద రావలసినంత పరిశోధన రాలేదు. తెలంగాణలో డిగ్రీ సీటుకు ‘దోస్త్’ వెబ్‌సైట్‌లో నమోదు కావాలంటే ఆధార్‌కు ముడిపడిన ఫోన్ నంబరుండాలి. ఇంజినీరింగ్ సీటుకు వెబ్ ఆప్షన్లు పెట్టాలి. వందల కాలేజీల కోడ్‌లు, వాటి వరుస, గడువు తేదీ, ఫ్రీజ్ చేయడం: చదువుకున్న తల్లిదండ్రులకే తలనొప్పి. పల్లె పిల్లకు ఈ పని చేసిపెట్టేది నెట్ సెంటర్ అన్న, లేకపోతే ఏదో కాలేజీ తరఫు మనిషి. పాస్‌వర్డ్ వాళ్ల దగ్గరే ఉండిపోతుంది. ఆప్షన్లలో మొదటి కాలేజీ ఏది కావాలో తర్వాత వాళ్లే తేల్చిన సందర్భాలున్నాయి. పాత రోజుల్లో అర్జీ రాసిపెట్టే మనిషి రూపాయి తీసుకుని అర్జీ మన చేతికి ఇచ్చేవాడు. ఇప్పుడు తాళంచెవి ఆయన దగ్గర ఉంటోంది. ఈ సేవకు ధర ఎంతుండాలి, పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుండాలి, తప్పు జరిగితే ఎవరు బాధ్యులు అన్న నియమాలు కావాలి. నడిపేవాళ్లలో చాలామంది మంచివాళ్లే, చదువుకుని ఉద్యోగం రాని ఊరి పిల్లలే. వాళ్ల మంచితనం మీదే ఒక వ్యవస్థను నిలబెట్టడం మాత్రం న్యాయం కాదు.

భాష గురించి చెప్పకపోతే ఈ సమీక్ష అసంపూర్ణమవుతుంది. 2011 జనాభా లెక్కల్లో తెలుగు మాతృభాషగా చెప్పినవాళ్లు 8.11 కోట్లు. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్‌కు తెలుగు అక్షరం ఒకటి మెసేజీగా వస్తే ఆ ఫోన్ కుప్పకూలేది. ఆ అక్షరం ‘జ్ఞా’. కొద్ది రోజుల్లో ఆపిల్ సరిచేసింది. ఫోన్ అమ్మే ముందు ఆ అక్షరాన్ని ఎవరూ పరీక్షించి చూడలేదని దాంతో అర్థమైంది. తెలుగు యూనికోడ్‌లో 1991 నుంచీ ఉన్నా, మన డీటీపీ సెంటర్లు, పత్రికలు, ప్రభుత్వ కార్యాలయాలు చాలా ఏళ్లు సొంత ఫాంట్లలోనే టైపు చేశాయి. ఆ రాతంతా వెతుకులాటకు దొరకని రాతగా మిగిలింది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా కొద్దిమంది ఔత్సాహికుల చేతుల మీదుగా లక్ష వ్యాసాలు దాటింది. ఇంగ్లీషులో డెబ్బై లక్షలున్నాయి. ఫోన్ ఉండి, డేటా ఉండి, నేర్పు కూడా ఉన్న తెలుగు మనిషి తన జబ్బు గురించో, పైరు తెగులు గురించో వెతికినప్పుడు ఏం దొరుకుతుంది? రాత దొరకదు, వీడియో దొరుకుతుంది. అందులో నిజమెంతో తేల్చేవాళ్లుండరు. 2022లో కేంద్రం మొదలుపెట్టిన ‘భాషిణి’ వంటి అనువాద, మాటల గుర్తింపు సాధనాలు దారి చూపుతున్నాయి. చదవలేని మనిషికి నోటిమాటే మీట కాగలిగితే సగం దూరం తరుగుతుంది. కానీ సాధనం వినాల్సింది పుస్తక భాషను కాదు, పాలమూరు మాటనూ శ్రీకాకుళం మాటనూ.

చేతికి అందడమే మేలు అనుకోవడమూ పొరపాటే. 2020 చివర తెలంగాణలో లోన్ యాప్‌ల వేధింపులకు ప్రాణాలు తీసుకున్నవాళ్ల వార్తలు వరుసగా వచ్చాయి. ఫోన్‌లోని పరిచయస్తుల నంబర్లన్నీ లాగేసుకుని, బంధువులకు ఫోన్లు చేసి పరువు తీసిన యాప్‌లవి. రిజర్వు బ్యాంకు డిజిటల్ అప్పులకు నియమాలు తెచ్చింది 2022 సెప్టెంబరులో. అనుమతులు అడిగే ఇంగ్లీషు పెట్టెను చదవకుండా ‘సరే’ నొక్కేవాళ్లు అందరికన్నా ముందు చిక్కారు. అంతరానికి ఇది మూడో అంచె: ఒకే ఫోన్ ఒకరికి లాభం తెస్తుంది, మరొకరిని నిలువునా ముంచుతుంది.

లాభం గురించిన అధ్యయనాల్లో ఎక్కువమంది చెప్పుకునేది కేరళ చేపల కథ. 1997-2001 మధ్య ఉత్తర కేరళ తీరానికి మొబైల్ సిగ్నల్ వచ్చాక, జాలర్లు సముద్రం మీద నుంచే ధర కనుక్కుని మంచి రేవుకు వెళ్లడంతో చేపలు పారబోయడం తగ్గి, ధరలు నిలకడయ్యాయని ఆర్థికవేత్త రాబర్ట్ జెన్సెన్ 2007లో రాశారు. ప్రపంచమంతా దాన్ని పాఠంగా చెప్పుకుంది. 2013లో జానకి శ్రీనివాసన్, జెన్నా బరెల్ అనే పరిశోధకులు మళ్లీ ఆ తీరానికి వెళ్లి, ఆ ఫలితం అక్కడి పడవల, వేలం పద్ధతుల ప్రత్యేకతతో ముడిపడి ఉందని, అన్నిచోట్లా అలా జరగదని చూపారు. మనకు ఇది నిజామాబాద్ పసుపు మార్కెట్‌లో అర్థమవుతుంది. 2016 ఏప్రిల్‌లో మొదలైన ఈనామ్ అనే ఆన్‌లైన్ మార్కెట్ తెర మీద దేశంలో ఎక్కడి వ్యాపారైనా ధర చెప్పొచ్చు. కమీషన్ ఏజెంటు దగ్గర ముందే అప్పు తీసుకున్న రైతు ఆ ధర చూడగలడు, సరుకు మాత్రం ఏజెంటుకే ఇవ్వాలి. సాంకేతికత ఉన్న బలాన్ని పెంచుతుందే గానీ లేనిదాన్ని పుట్టించదని కెంటారో టొయామా అనే పరిశోధకుడు 2015 నాటి తన పుస్తకంలో వాదించింది ఇందుకే. ఆయన మాట నాకు చాలా వరకు సరైనదనిపిస్తుంది.

తీగలు, పరికరాల సంగతి త్వరగా చూద్దాం. 2011లో మొదలై తర్వాత భారత్‌నెట్‌గా పేరు మారిన పథకం రెండున్నర లక్షల పంచాయతీలకు ఫైబర్ వేయబోయింది. రెండు లక్షలకు పైగా పంచాయతీలకు తీగ చేరింది. తీగ చేరడం వేరు, పనిచేయడం వేరు. 2023 ఆగస్టులో మరో 1.39 లక్షల కోట్లతో దాన్ని సరిదిద్దబూనుకున్నారంటేనే సంగతి తెలుస్తుంది. ఆంధ్రప్రదేశ్ 2017 డిసెంబరులో కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ లాగి, నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్, టీవీ, ఫోన్ ఇవ్వజూపింది. తెలంగాణ మిషన్ భగీరథ పైపుల కందకాల్లోనే ఫైబర్ వేసింది. రెండూ మంచి ఆలోచనలే, రెండూ ప్రభుత్వాలు మారినప్పుడల్లా ఊగిసలాడాయి. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ఎనిమిదో తరగతి పిల్లలకూ టీచర్లకూ ఐదు లక్షలకు పైగా ట్యాబ్‌లు, బైజూస్ పాఠాలతో ఇచ్చింది. ఏడాదిన్నరకు ఆ కంపెనీయే దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. పాఠం ప్రభుత్వానిదైతే పరికరం ఎవరిదైనా నడుస్తుంది. పాఠమే అద్దెదైనప్పుడు పిల్లలు కంపెనీతోపాటు ఊగాల్సి వస్తుంది.

ఇక కోర్టులు. 2019లో కోళికోడ్ జిల్లాలో ఒక విద్యార్థిని, హాస్టల్‌లో సాయంత్రం 6 నుంచి 10 వరకు ఫోన్ వాడకూడదన్న నియమాన్ని కాదన్నందుకు బయటికి పంపితే కోర్టుకెక్కింది. ఇంటర్నెట్ అందుబాటు చదువు హక్కులో, ఏకాంత హక్కులో భాగమని కేరళ హైకోర్టు తీర్పిచ్చింది. ఆడపిల్ల చేతిలోని ఫోన్ గురించి వచ్చిన తీర్పు కావడం వల్ల దాని విలువ నా దృష్టిలో ఇంకా ఎక్కువ. 2020 జనవరిలో సుప్రీంకోర్టు ఇంటర్నెట్ ద్వారా భావప్రకటన రాజ్యాంగ రక్షణలో ఉందని చెప్పింది. అయినా కశ్మీర్‌లో ఆపేసిన 4జీ తిరిగి రావడానికి 2021 ఫిబ్రవరి దాకా, ఆపిన నాటి నుంచి మొత్తం పద్దెనిమిది నెలలు పట్టింది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసింది. యాసిడ్ దాడిలో కళ్లు దెబ్బతిన్నవాళ్లను కెమెరా ముందు రెప్పలార్పమంటే ఎలా ఆర్పుతారు? చూపులేనివాళ్లు తెర మీది అంకెలెలా చదువుతారు? డిజిటల్ అందుబాటు జీవించే హక్కులో భాగమని, గుర్తింపుకు వేరే మార్గాలు పెట్టాల్సిందేనని ఆదేశించింది. ‘వేరే మార్గం’ అన్న ఆ రెండు మాటలే ఈ సమస్య మొత్తానికీ కీలకం. అరిగిన వేళ్ల రైతుకూ, సిగ్నల్ లేని గూడేనికీ, ఫోన్ చేతికివ్వని ఇంట్లోని ఆడపిల్లకూ అదే వర్తించాలి.

2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ‘మన మిత్ర’ పేరిట 161 సేవలను వాట్సాప్‌లోకి తెచ్చింది. తెలుగులోనే, అలవాటైన తెర మీద, ఆఫీసు చుట్టూ తిరగకుండా పని జరగడాన్ని నేను మనసారా మెచ్చుకుంటాను. అది చేయగలిగినవాళ్లు చేసుకుంటే గ్రామ సచివాలయంలో వరుస తగ్గుతుంది. తగ్గిన ఆ వరుసను చూపి సచివాలయం కిటికీ మూసేయకూడదు. ఖాళీ దొరికిన ఉద్యోగి చేయాల్సిన పని మరొకటుంది. వాట్సాప్ లేనివాళ్ల ఇంటికి తనే వెళ్లడం. ప్రతి యాప్‌కూ ఒక కాగితం దారి, ప్రతి వేలిముద్రకూ ఒక సంతకం దారి చట్టంలోనే రాసి ఉండాలి. సర్వర్ పనిచేయకపోతే ఆ రోజు నష్టం వచ్చినవాడిది కాకుండా, రమ్మన్నవాడిది కావాలి.

అది జరిగేదాకా కనీసం లెక్కలైనా సరిగా తీయాలి. మళ్లీ సర్వేకు వచ్చేవాళ్లు ఇంట్లో ఫోన్ ఉందా అని యజమానిని అడిగి వెళ్లిపోకుండా, వంటింటి దాకా వచ్చి ఒక్కొక్కరినీ అడగాలి. సిమ్ము ఎవరి పేరున ఉంది? పోయిన ఏడాది రీచార్జి లేక ఎన్ని రోజులు ఆగింది, ఆ రోజుల్లో ఏ పని ఆగింది? నెట్ సెంటర్‌కు ఎంత ఇచ్చారు? పాస్‌వర్డ్ మీకు తెలుసా? వేలు పడక ఎన్నిసార్లు వెనక్కి వచ్చారు? మీ పేరున వచ్చే ఓటీపీని చదివేది ఎవరు?